విండోస్ 10 ఆగిపోయింది, ఇంటి కంప్యూటర్‌కు ఇప్పుడు ఏ ఓఎస్ వేసుకోవాలి?

2025 అక్టోబర్ 14తో విండోస్ 10 అనే ఓఎస్‌కి (ఆపరేటింగ్ సిస్టమ్, అంటే కంప్యూటర్‌ను నడిపే మూల సాఫ్ట్‌వేర్) మైక్రోసాఫ్ట్ మామూలు సెక్యూరిటీ అప్‌డేట్లు ఆపేసింది. అప్పటినుంచి అనంతపురంలో చుట్టాలు, స్నేహితులు, తెలిసిన షాపులవాళ్లు కనిపిస్తే అడిగేది ఇదే: "అన్నా, మా పాత సిస్టమ్ ఇంక పనికొస్తాదా? కొత్తది కొనాల్సిందేనా?" ఆ సిస్టమ్ చూస్తే బాగానే ఉంటుంది. ఆన్ అవుతుంది, యూట్యూబ్ వస్తుంది, ప్రింట్ పడుతుంది. స్క్రీన్ మీద మాత్రం అప్పుడప్పుడూ ఒక హెచ్చరిక కనిపిస్తుంది. రిపేరు షాపుకు తీసుకెళ్తే కొత్తది కొనమంటారు, లేదంటే క్రాక్ చేసిన విండోస్ 11 వేసి చేతికిస్తారు. ఈ రెండింటికంటే మంచి దారులు చాలా ఇళ్లకు ఉన్నాయి. ఏ ఇంటికి ఏ దారి సరిపోతుందో నాకు తెలిసినంత వివరంగా చెబుతాను.

ఏ పని ఆగితే ఇబ్బంది?

ఓఎస్ మాట ఎత్తగానే ఏది ఫాస్ట్, ఏది అందంగా ఉంటుంది, వైరస్ దేనికి రాదు అని వాదన మొదలవుతుంది. ఇవన్నీ తర్వాత చూసుకోవచ్చు. ఇంట్లో ఆ కంప్యూటర్ మీద ఆధారపడిన సాఫ్ట్‌వేర్ గానీ, దానికి తగిలించిన పరికరం గానీ, వేరే ఓఎస్‌లో పనిచేయనిది ఒక్కటైనా ఉందా అన్నది ముందు తేల్చుకోవాలి. ఉంటే నిర్ణయం అక్కడే అయిపోయింది. లేకపోతే రూపాయి ఖర్చు లేకుండా బయటపడే అవకాశం ఉంది.

ధర్మవరంలో చీరల వ్యాపారం చేసే ఇల్లు అనుకోండి. లెక్కలన్నీ టాలీలో ఉంటాయి. టాలీప్రైమ్ విండోస్ కోసం చేసిన సాఫ్ట్‌వేర్. లినక్స్ అనే ఉచిత ఓఎస్‌లో వైన్ అనే సాధనంతో నడిపించామని చెప్పేవాళ్లు ఉన్నారు గానీ, జీఎస్టీ రిటర్న్ గడువు దగ్గరపడ్డ రోజు అలాంటి ప్రయోగాన్ని నమ్ముకోకూడదు. ఆడిటర్ దగ్గరికి బ్యాకప్ పంపాలి, ఆయన సరిచేసి పంపింది మళ్లీ తెరవాలి, డిజిటల్ సిగ్నేచర్ ఉన్న యూఎస్‌బీ టోకెన్ పెట్టగానే గుర్తుపట్టాలి. ఈ పనులన్నిటికీ విండోస్‌లోనే టెన్షన్ తక్కువ. ఇంట్లోనే చిన్న సర్వీస్ సెంటర్ పెట్టి ఆధార్ వేలిముద్ర యంత్రం వాడేవాళ్లదీ ఇదే పరిస్థితి. ఆ యంత్రాలకు కావలసిన ఆర్‌డీ సర్వీసు అనే సాఫ్ట్‌వేర్ ప్రధానంగా విండోస్‌కు, ఆండ్రాయిడ్‌కు దొరుకుతుంది.

ఇంకో పెద్ద వర్గం డీటీపీ చేసేవాళ్లు. పెళ్లిపత్రికలు, స్కూళ్ల ప్రశ్నపత్రాలు, గుడి కరపత్రాలు ఇప్పటికీ చాలాచోట్ల అను ఫాంట్లతో పేజ్‌మేకర్‌లోనే తయారవుతున్నాయి. పేజ్‌మేకర్ చివరి ప్రధాన వెర్షన్ 7.0 వచ్చింది 2001లో. అయినా చేయి తిరిగిన ఆపరేటర్ దాన్ని వదలడు, అందులో తప్పు పట్టడానికీ లేదు. అను ఫాంట్‌లో కొట్టిన ఫైలును ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో తెరిచి చూడండి. "శ్రీరస్తు శుభమస్తు" ఉండాల్సిన చోట ఇంగ్లిష్ అక్షరాలు, కామాలు, బ్రాకెట్లు కలగాపులగంగా కనిపిస్తాయి. ఇవి యూనికోడ్ (ప్రతి తెలుగు అక్షరానికీ సొంత కోడ్ ఉండే పద్ధతి) ఫాంట్లు కాకపోవడమే కారణం. ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలు పెట్టి తయారుచేశారు. అందుకే పదేళ్లుగా అనులో పోగేసిన ఫైళ్లున్న ఇంట్లో విండోస్ తీసేయమని నేను ఎవరికీ చెప్పను. కొత్తగా కొట్టే ఫైళ్లు మాత్రం యూనికోడ్‌లో కొట్టడం అలవాటు చేసుకోమంటాను. అవి ఫోన్‌లోనూ తెరుచుకుంటాయి, వెతికితే దొరుకుతాయి, ఎప్పుడో ఓఎస్ మార్చాల్సి వచ్చినా పాడవవు.

పెళ్లి ఆల్బమ్‌లు చేసే ఫొటోగ్రాఫర్‌కు ఫొటోషాప్ కావాలి. అది విండోస్‌లోనూ మ్యాక్‌లోనూ ఉంది, లినక్స్‌లో లేదు. ఆటోక్యాడ్‌ది కూడా అదే కథ.

ఇవేవీ లేని ఇళ్లే ఎక్కువ. అక్కడ కంప్యూటర్ మీద జరిగే పనులు లెక్కపెడితే ఈఏపీసెట్ అప్లికేషన్, హాల్ టికెట్, మీభూమిలో అడంగల్, 1బీ, డిజీలాకర్, రైలు టికెట్, కరెంటు బిల్లు, పిల్లల వీడియో పాఠాలు, ఎప్పుడైనా ఒక లెటర్ టైపు చేయడం. దాదాపు అన్నీ బ్రౌజర్‌లో అయ్యే పనులే. క్రోమ్, ఫైర్‌ఫాక్స్ రెండూ లినక్స్‌లో కూడా ఉన్నాయి. వాటిలో ఈ సైట్లు తెరుచుకునే తీరులో తేడా ఏమీ కనిపించదు.

మీ సిస్టమ్ ఏ కాలానిదో చూడండి

విండోస్ 11కు 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజీ, టీపీఎం 2.0 (బోర్డులో ఉండే భద్రతా ఏర్పాటు), సెక్యూర్ బూట్ (నమ్మదగిన ఓఎస్ మాత్రమే మొదలయ్యేలా చూసే సెట్టింగ్), మైక్రోసాఫ్ట్ ఒప్పుకున్న జాబితాలో ఉన్న ప్రాసెసర్ కావాలి. ఇంటెల్ అయితే కొద్ది మినహాయింపులు తప్ప ఎనిమిదో తరం నుంచి ఒప్పుకుంటుంది. రైజెన్ అయితే 2000 సిరీస్ నుంచి, అందులోనూ అన్నీ కాదు.

తరం కనుక్కోవడం తేలిక. సెట్టింగ్స్‌లో అబౌట్ తెరిస్తే ప్రాసెసర్ పేరు కనిపిస్తుంది. ఐ3-3220 అని ఉంటే గీత తర్వాతి మొదటి అంకె 3, కాబట్టి మూడో తరం. ఐ5-8400 ఎనిమిదో తరం. ఐ5-10400 లాగా ఐదంకెలుంటే మొదటి రెండు అంకెలు కలిపి పదో తరం. మన ఊళ్లలో అసెంబుల్ చేయించిన పాత డెస్క్‌టాప్‌లలో హెచ్61 బోర్డు ఎక్కువగా కనిపిస్తుంది. దాని మీద ఉండేది రెండో తరమో మూడో తరమో. వాటికి విండోస్ 11 అధికారికంగా రాదు.

ప్రాసెసర్ కొత్తదే అయినా "ఈ కంప్యూటర్‌కు విండోస్ 11 రాదు" అని మైక్రోసాఫ్ట్ ఇచ్చే పీసీ హెల్త్ చెక్ యాప్ చెబుతుంటే వెంటనే కొత్తది కొనేయకండి. చాలాసార్లు టీపీఎం బోర్డులో ఉండి, బయాస్‌లో (ఓఎస్ కంటే ముందు తెరుచుకునే బోర్డు సెట్టింగ్స్‌లో) ఆఫ్ అయి ఉంటుంది. ఆన్ చేసేటప్పుడు డిలీట్ గానీ ఎఫ్2 గానీ నొక్కి బయాస్‌లోకి వెళ్లండి. ఇంటెల్ బోర్డులో పీటీటీ అనీ, ఏఎండీ బోర్డులో ఎఫ్‌టీపీఎం అనీ ఉంటుంది. దాన్ని ఎనేబుల్ చేసి సేవ్ చేస్తే మళ్లీ చెక్ చేసినప్పుడు ఆ లైన్ పచ్చగా మారుతుంది. సెక్యూర్ బూట్ దగ్గర ఆగితే మాత్రం డిస్క్‌ను భాగాలు చేసిన తీరు పాత ఎంబీఆర్ పద్ధతిలో ఉండి ఉండొచ్చు. దాన్ని కొత్త జీపీటీ పద్ధతికి మార్చడం తెలిసినవాళ్ల చేత, అదీ ఫైళ్లన్నీ వేరేచోట దాచుకున్నాకే చేయించాలి.

ఓఎస్‌తో నేరుగా సంబంధం లేకపోయినా ఎస్‌ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని వేగమైన డిస్క్) మాట ఇక్కడ చెప్పాలి. పాత తిరిగే హార్డ్ డిస్క్ ఉన్న సిస్టమ్‌లో ఏ ఓఎస్ వేసినా విసుగే. అదే కంప్యూటర్‌కు చిన్న సాటా ఎస్‌ఎస్‌డీ పెట్టి ఓఎస్ దాని మీద వేసి, పాత డిస్క్‌ను ఫొటోలకు, సినిమాలకు ఉంచుకుంటే మనిషికి ఓపిక మిగులుతుంది. "విండోస్ స్లో అయింది, లినక్స్ వేయి" అని వచ్చేవాళ్లలో చాలామందికి నిజంగా కావలసింది ఇదే. ఖర్చు పెట్టగలిగింది ఒక్కదాని మీదే అయితే ముందు దీని మీద పెట్టండి.

విండోస్ 11: అర్హత ఉంటే పేచీ లేదు

సిస్టమ్ అర్హత సాధిస్తే, పాత విండోస్ 10 అసలు లైసెన్స్‌తో ఉంటే, విండోస్ 11 ఉచితంగానే వస్తుంది. షాపులో దొరికే చాలా ల్యాప్‌టాప్‌లలో లైసెన్స్ కీ బోర్డులోనే ఉంటుంది, కాబట్టి ఫార్మాట్ చేసి మళ్లీ వేసినా యాక్టివేషన్ దానంతటదే అయిపోతుంది. టాలీ, అను, ఫొటోషాప్, వేలిముద్ర యంత్రం ఉన్న ఇళ్లకు ఇదే నా సలహా. ప్రింటర్లు, స్కానర్ల విషయంలోనూ చిక్కులు తక్కువ.

ర్యామ్ 4 జీబీ చాలని రాసి ఉన్నా దాన్ని నమ్మకండి. క్రోమ్‌లో నాలుగు ట్యాబ్‌లు తెరిచేసరికి కష్టమవుతుంది. 8 జీబీ ఉండాలి. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ఇంటర్నెట్, మైక్రోసాఫ్ట్ అకౌంట్ అడుగుతుంది. ఆ అకౌంట్ ఇంట్లోవాళ్ల పేరు మీద, ఇంట్లోవాళ్ల ఫోన్ నంబర్‌తో ఉండాలి. షాపు కుర్రాడి మెయిల్‌తో పెట్టించుకుంటే తర్వాత చిక్కే. కొత్త వెర్షన్లలో డ్రైవ్ ఎన్‌క్రిప్షన్ (కీ లేనివాళ్లు చదవలేకుండా డిస్క్‌కు వేసే తాళం) దానంతటదే ఆన్ అవుతోంది, దాని రికవరీ కీ ఆ అకౌంట్‌లోనే దాచి ఉంటుంది. బయాస్‌లో ఏదో మారి నీలం తెర మీద 48 అంకెల కీ అడిగిన రోజు ఆ అకౌంట్‌లోకి వెళ్లలేకపోతే పిల్లల ఫొటోలు, ఇంటి కాగితాలు అన్నీ లోపలే ఉండిపోతాయి. ఆ కీని కాగితం మీద రాసి ఇంటి పత్రాల ఫైల్లో పెట్టుకోండి.

అర్హత లేని సిస్టమ్‌లో చెకింగ్‌ను తప్పించి విండోస్ 11 వేయడం ఎలాగో చూపించే వీడియోలు బోలెడు. వేస్తే నడుస్తుంది కూడా. కానీ అలాంటి సిస్టమ్‌లకు అప్‌డేట్లు వస్తాయన్న హామీ ఇవ్వలేమని మైక్రోసాఫ్ట్ స్పష్టంగా చెప్పింది. ఏడాదికోసారి వచ్చే పెద్ద అప్‌డేట్‌ను మళ్లీ చేత్తో వేసుకోవాల్సి వస్తుంది. మరీ పాత కోర్ 2 డ్యుయో లాంటి వాటిలో 24హెచ్2 వెర్షన్ నుంచి అసలు బూటే కాదు. తెలిసిన కుర్రాడు ఇంట్లోనే ఉంటే సరే. అమ్మానాన్నలు వాడే కంప్యూటర్‌కు ఈ దారి వద్దు.

విండోస్ 10లోనే ఇంకొన్నాళ్లు

మార్చడానికి తీరిక లేనివాళ్లకు మైక్రోసాఫ్ట్ ఒక గడువు ఇచ్చింది. ఈఎస్‌యూ అనే పథకంలో చేరితే విండోస్ 10 22హెచ్2 వెర్షన్‌కు 2026 అక్టోబర్ 13 వరకు సెక్యూరిటీ అప్‌డేట్లు వస్తాయి. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో సైన్ ఇన్ అయి సెట్టింగ్స్ సింక్ చేస్తే డబ్బు కట్టక్కర్లేదు. అప్‌డేట్ పేజీలోనే ఎన్‌రోల్ అన్న లింకు కనిపిస్తుంది. పాత సిస్టమ్ మీద టాలీ నడుపుతున్న చిన్న వ్యాపారికి ఇది బాగా పనికొస్తుంది, కొత్త సిస్టమ్‌కు డబ్బు కూడబెట్టుకునే వ్యవధి దొరుకుతుంది. ఈ పథకంలో చేరకుండా విండోస్ 10 మీదే బ్యాంకు లావాదేవీలు చేసుకుంటూ కూర్చోవడం మాత్రం మంచిది కాదు.

క్రాక్ చేసిన విండోస్ గురించి

ఇది గట్టిగానే చెప్పాలి. తక్కువ డబ్బుతో "విండోస్ వేసిస్తాం" అన్నచోట జరిగేది ఏమిటో ఒకసారి దగ్గరుండి చూడండి. ముందు విండోస్‌లోనే ఉండే యాంటీవైరస్ డిఫెండర్‌ను ఆఫ్ చేస్తారు, ఎందుకంటే అది ఆన్‌లో ఉంటే దొంగ లైసెన్స్ పెట్టే యాక్టివేటర్‌ను నడవనివ్వదు. తర్వాత ఎక్కడినుంచో వచ్చిన ఒక ఫైలును అడ్మినిస్ట్రేటర్ అధికారంతో నడుపుతారు. ఆ ఫైలు లోపల ఇంకా ఏముందో దాన్ని నడిపినవాళ్లకూ తెలియదు. కావలివాణ్ణి ఇంటికి పంపించేసి, ముక్కూమొహం తెలియని మనిషికి తాళాల గుత్తి ఇచ్చినట్టే. ఆ తర్వాత అదే కంప్యూటర్‌లో నెట్ బ్యాంకింగ్ పాస్‌వర్డ్ కొడతాం, ఆధార్, పాన్ స్కాన్లు దాచుకుంటాం. చాలాచోట్ల అప్‌డేట్లు కూడా ఆపేస్తారు, యాక్టివేషన్ పోతుందేమోనని.

డబ్బు లేక క్రాక్ వేయించుకోవడం నాకు అర్థమవుతుంది. కానీ డబ్బు లేకపోతే చేయగలిగిన మంచి పని ఇంకొకటి ఉంది. లినక్స్‌కు పైసా అక్కర్లేదు, దొంగతనమూ అక్కర్లేదు.

లినక్స్ మింట్: పాత సిస్టమ్‌కు నేను ముందు చెప్పే పేరు

లినక్స్ అంటే నల్లటి తెర మీద ఏవో కమాండ్లు కొట్టడమే అన్న భయం ఇంకా పోలేదు. లినక్స్‌లో ఒక రకమైన మింట్ తెరిస్తే కింద ఎడమ మూల మెనూ, కింద పట్టీ, కుడి మూల గడియారం, వైఫై గుర్తు ఉంటాయి. విండోస్ 7 వాడినవాళ్లకు కొత్తగా నేర్చుకోవాల్సింది తక్కువే. ఉబుంటు అనే ఇంకో లినక్స్ కూడా మంచిదే, కానీ దాని తెర అమరిక వేరు. అరవై ఏళ్ల మనిషికి ఆ తేడా ఎందుకు అనిపిస్తుంది నాకు. మింట్ 22 ఉబుంటు 24.04 మీద కట్టినది, 2029 ఏప్రిల్ వరకు అప్‌డేట్లు వస్తాయి. కనీసం 2 జీబీ ర్యామ్ కావాలి, 4 జీబీ ఉంటే సౌకర్యం. మూడో తరం ఐ3, 4 జీబీ ర్యామ్, ఎస్‌ఎస్‌డీ ఉంటే మింట్‌లో సినమన్ అనే ప్రధాన ఎడిషన్ నడుస్తుంది. ఇంకా నీరసంగా ఉన్న సిస్టమ్‌కు ఇంకా తేలికైన ఎక్స్‌ఎఫ్‌సీఈ ఎడిషన్ వేయండి. మన దేశంలో కేంద్ర ప్రభుత్వ కంప్యూటర్ పరిశోధన సంస్థ సీడాక్ తయారుచేసిన బాస్ లినక్స్ కూడా ఉంది, భారతీయ భాషల మీద శ్రద్ధతో చేసింది. అయితే ఏదైనా ఆగిపోతే వెతుక్కోవడానికి మింట్, ఉబుంటుల గురించే ఎక్కువ సమాచారం దొరుకుతుంది కాబట్టి ఇంటికి మింటే అంటాను.

వేసే ముందు చూసుకునే వీలుండటం దీనిలో పెద్ద సుఖం. మింట్ ఫైలును 8 జీబీ పెన్‌డ్రైవ్‌లోకి రూఫస్ లాంటి సాధనంతో ఎక్కించి, దానితో బూట్ చేస్తే హార్డ్ డిస్క్‌ను ముట్టుకోకుండానే ఓఎస్ మొత్తం తెరుచుకుంటుంది. అప్పుడు తీరిగ్గా చూడండి. వైఫై పట్టిందా? స్పీకర్‌లో పాట వినిపిస్తోందా? ల్యాప్‌టాప్ అయితే కెమెరా పనిచేస్తోందా, మూత మూసి తెరిస్తే మేలుకుంటోందా? వైఫై దొరక్కపోతే ఫోన్‌ను యూఎస్‌బీ కేబుల్‌తో పెట్టి టెథరింగ్ ఆన్ చేస్తే నెట్ వస్తుంది, డ్రైవర్ మేనేజర్ తెరిస్తే కావలసిన డ్రైవర్ కనిపించే అవకాశం ఉంది. ఇవన్నీ కుదిరాకే ఇన్‌స్టాల్ బొమ్మ మీద నొక్కండి.

ప్రింటర్ దగ్గర జాగ్రత్త. హెచ్‌పీ ప్రింటర్లకు హెచ్‌పీలిప్ అనే మంచి సాఫ్ట్‌వేర్ ఉంది. లేజర్‌జెట్ 1020 లాంటి కొన్నిటికి అదనంగా ఒక ప్లగిన్ దింపుకోవాలి, ఆ తర్వాత పేచీ ఉండదు. మన దగ్గర జిరాక్స్ షాపుల్లో, ఇళ్లలో బాగా కనిపించే కెనాన్ ఎల్‌బీపీ 2900 మాత్రం లినక్స్‌లో సతాయిస్తుంది. దాని డ్రైవర్ పాతది, ఎక్కించడం కష్టం, ఎక్కినా ఒక్కోసారి పేజీ మధ్యలో ఆగుతుంది. రోజూ ప్రింట్లు తీసే ఇంట్లో అదే ప్రింటర్ ఉంటే, ఆ ఒక్క కారణానికే విండోస్ ఉంచుకోవడం మేలు.

తెలుగు టైపింగ్ గురించి అందరూ అడుగుతారు. ఇన్‌స్క్రిప్ట్ (భారతీయ భాషల ప్రామాణిక కీబోర్డు) వచ్చినవాళ్లకు కీబోర్డ్ సెట్టింగ్స్‌లో తెలుగు లేఅవుట్ కలిపితే చాలు. ఇంగ్లిష్ అక్షరాల్లో ఉచ్చారణ కొడితే తెలుగు పడే పద్ధతి కావాలంటే ఐబస్ అనే టైపింగ్ సాధనంతో పాటు ఎం17ఎన్ ప్యాకేజీ వేసుకోవాలి. అందులో ఆర్‌టీఎస్, యాపిల్, పోతన వంటి పద్ధతులున్నాయి. డీటీపీలో యాపిల్ కీబోర్డు నేర్చుకున్నవాళ్ల చేతి అలవాటు వృథా పోదు. విండోస్‌లో అయితే 2019లో వచ్చిన అప్‌డేట్ నుంచి తెలుగు ఫొనెటిక్ కీబోర్డు లోపలే ఉంది, అది కొత్తవాళ్లకు ఇంకొంచెం తేలిక. ఫాంట్లకు కొరత లేదు. పోతన, వేమన, లోహిత్, నోటో అన్నీ దొరుకుతాయి. విండోస్‌లో గౌతమి ఫాంట్‌తో చేసిన వర్డ్ ఫైలును లినక్స్‌లో లిబ్రేఆఫీస్ అనే ఉచిత ఆఫీస్ సాఫ్ట్‌వేర్‌లో తెరిస్తే మాత్రం ఆ ఫాంట్ ఉండదు కాబట్టి వేరే ఫాంట్ వచ్చి, లైన్లు జరిగి, ఒక పేజీ అర్జీ రెండో పేజీలోకి పోతుంది. ఎక్కడికైనా పంపేది పీడీఎఫ్ చేసి పంపితే ఈ గొడవ ఉండదు.

లిబ్రేఆఫీస్ ఇంటి పనులకు బాగా సరిపోతుంది. ఎక్సెల్‌లో మాక్రోలు పెట్టిన ఆఫీసు ఫైళ్లు ఇంటికి తెచ్చుకుని చేసేవాళ్లకు సరిపోదు.

వైరస్‌ల బెడద లినక్స్‌లో తక్కువే. కానీ ఫోన్ చేసి ఓటీపీ అడిగేవాడికి, బ్యాంకులాగే కనిపించే దొంగ సైటుకు ఓఎస్‌తో పనిలేదు. ఆ జాగ్రత్త ఎక్కడున్నా మనదే.

ఇంజినీరింగ్ పిల్లలున్న ఇల్లు

జేఎన్‌టీయూలోనో దాని కింది కాలేజీలోనో కంప్యూటర్ సైన్స్ చదివే పిల్లలకు లినక్స్ నేర్పాలని నాకు గట్టి కోరిక. సీ, పైథాన్, డేటాబేస్, నెట్‌వర్క్ ల్యాబ్ పనులన్నీ అందులో సాఫీగా సాగుతాయి. రేపు ఉద్యోగంలో సర్వర్ ముందు కూర్చుంటే కనిపించేది ఎక్కువగా లినక్సే. అయినా వాళ్ల ల్యాప్‌టాప్‌లోంచి విండోస్ పూర్తిగా తీసేయమని చెప్పను. కెమెరా పెట్టి నిఘాతో జరిపే పరీక్షల సాఫ్ట్‌వేర్లు కొన్ని లినక్స్‌లో నడవవు. సేఫ్ ఎగ్జామ్ బ్రౌజర్‌కు లినక్స్ వెర్షన్ లేదు. ప్లేస్‌మెంట్ పరీక్ష ఉదయం పూట ఆ సంగతి తెలియడం ఎంత ఘోరం! సివిల్, మెకానికల్ పిల్లలకు ఆటోక్యాడ్, సాలిడ్‌వర్క్స్ కోసం విండోస్ తప్పదు. వాలరెంట్ లాంటి ఆటలు కూడా లినక్స్‌లో రావు, ఆ ఆటలో మోసాలు పట్టే యాంటీ చీట్ ఒప్పుకోదు.

వీళ్లకు రెండు ఓఎస్‌లూ కావాలి. 8 జీబీ ర్యామ్ ఉన్న విండోస్ 11 ల్యాప్‌టాప్ అయితే డబ్ల్యూఎస్‌ఎల్‌తో విండోస్ లోపలే ఉబుంటు వేసుకోవచ్చు, మొదటి రెండేళ్లకు అది చాలు. పూర్తి లినక్స్ కావాలనుకుంటే రెండో ఎస్‌ఎస్‌డీ మీద విడిగా వేయడం శ్రేష్ఠం. ఒకే డిస్క్‌ను పంచాల్సి వస్తే ముందు బిట్‌లాకర్ (విండోస్ డ్రైవ్ ఎన్‌క్రిప్షన్) కీ రాసిపెట్టుకుని, విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆపేయాలి. అది ఆన్‌లో ఉంటే లినక్స్‌లోంచి విండోస్ డ్రైవ్‌లో ఫైళ్లు చూడగలరు గానీ మార్చలేరు. ఇంకో చిన్న వింత కూడా ఎదురవుతుంది. లినక్స్ వాడి మళ్లీ విండోస్‌లోకి వస్తే గడియారం ఐదున్నర గంటలు వెనక చూపిస్తుంది. సిస్టమ్ పాడైందేమో, బోర్డులో బ్యాటరీ పోయిందేమో అని కంగారుపడకండి. బోర్డులో ఉండే గడియారాన్ని విండోస్ మన దేశ సమయంగా చదువుతుంది, లినక్స్ గ్రీన్విచ్ సమయంగా చదువుతుంది. లినక్స్‌లో ఒక సెట్టింగ్ మారిస్తే రెండూ ఒప్పందానికి వస్తాయి.

క్రోమ్ ఓఎస్ ఫ్లెక్స్, మ్యాక్

బ్రౌజర్ తప్ప ఇంకేమీ అక్కర్లేని ఇంటికి గూగుల్ ఉచితంగా ఇచ్చే క్రోమ్ ఓఎస్ ఫ్లెక్స్ ఉంది. 4 జీబీ ర్యామ్, 16 జీబీ స్టోరేజీ చాలు, పెన్‌డ్రైవ్ నుంచే చూసుకోవచ్చు, నిర్వహణ దాదాపు ఉండదు. ఆండ్రాయిడ్ యాప్‌లు మాత్రం ఇందులో రావు. ప్లే స్టోర్ వస్తుందనుకుని వేసుకున్నవాళ్లు నిరాశపడతారు. నెట్ పోతే చేసే పని కూడా బాగా తగ్గిపోతుంది. ఫైబర్ నిలకడగా లేని వీధిలో ఉంటే మింట్ వేసుకోండి.

మ్యాక్ కావాలంటే యాపిల్ యంత్రమే కొనాలి, మామూలు పీసీలో మ్యాక్‌ఓఎస్ వేయడానికి లైసెన్స్ ఒప్పుకోదు. వీడియో ఎడిటింగ్ మీద బతికేవాళ్లకు అది మంచి పెట్టుబడి, చాలాకాలం వస్తుంది. టాలీ ఉన్న ఇంటికి అది పనికిరాదు. సెకండ్ హ్యాండ్‌లో తక్కువకు వస్తోందని ఇంటెల్ ప్రాసెసర్ ఉన్న పాత మ్యాక్ కొనకండి. ఇంటెల్ యంత్రాలకు మ్యాక్‌ఓఎస్ 26 టాహో ఆఖరు వెర్షన్ అని యాపిల్ ప్రకటించింది. కొనే ముందు అధీకృత సర్వీస్ ఎంత దూరంలో ఉందో కూడా కనుక్కోండి. స్క్రీన్ పోతే దాదాపు 200 కిలోమీటర్లు బెంగళూరుకు పట్టుకెళ్లాల్సి వస్తే ఆ ఖర్చూ ధరలో కలుపుకోవాల్సిందే.

మార్చే రోజు

ఏ ఓఎస్ వేసినా డెస్క్‌టాప్‌కు యూపీఎస్ ఉండాలి. వేసవిలో మన ఊళ్లలో కరెంటు ఎప్పుడు పోతుందో చెప్పలేం. విండోస్ పెద్ద అప్‌డేట్ సగంలో ఉండగా పోతే రిపేరు తెర దగ్గర తిరుగుతూ ఉండిపోవచ్చు. లినక్స్‌లో అప్‌డేట్ ఎప్పుడు చేసుకోవాలో మనమే ఎంచుకుంటాం, కానీ మధ్యలో కరెంటు పోతే దానికీ దెబ్బే. యూపీఎస్ బ్యాటరీ చచ్చిపోయి ఉంటే ముందు అది మార్పించండి.

ఫైళ్ల బ్యాకప్ బయటి డిస్క్‌లోకి తీయండి. డెస్క్‌టాప్ మీద, డౌన్‌లోడ్స్‌లో ఉన్నవి మర్చిపోతుంటారు, చాలా ఇళ్లలో ముఖ్యమైన కాగితాలన్నీ ఉండేది అక్కడే. టాలీ ఉంటే దాని డేటా ఫోల్డర్ ఎక్కడుందో టాలీలోనే చూసుకుని విడిగా కాపీ చేయండి. బ్రౌజర్‌లో దాచిన పాస్‌వర్డ్‌లు ఏ అకౌంట్‌కు సింక్ అయ్యాయో చూసుకోండి. తీసిన బ్యాకప్‌ను వేరే కంప్యూటర్‌లో తెరిచి, రెండు ఫొటోలు, ఒక పీడీఎఫ్ నిజంగా తెరుచుకుంటున్నాయో లేదో చూశాకే ఫార్మాట్ చేయనివ్వండి. షాపులో చేయిస్తుంటే ఏ ఓఎస్, ఏ వెర్షన్, ఎవరి అకౌంట్‌తో, అసలు లైసెన్సా కాదా అన్నవి బిల్లు మీద రాయించుకోండి. రాయడానికి వెనకాడితే సిస్టమ్ తీసుకుని ఇంకో షాపుకు వెళ్లండి.